అనుమతి లేని తీసివేతలు

తాబేలువలస హైస్కూల్లో ఏడో తరగతి పిల్లలకి తీసివేతలు రావన్న సంగతి వరహాలు మేష్టారికి బడి తెరిచిన వారంలోనే తెలిసిపోయింది. తెలుసుకోవడానికి ఆయన పెద్దగా కష్టపడిందీ లేదు. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసెయ్యమని బోర్డు మీద రాశాడు. తరగతిలో ముప్పావువంతు మంది ముక్తకంఠంతో ముప్పై అయిదు అన్నారు. ఇంతమంది ఒకే తప్పు చేస్తున్నారంటే ఇది ఎవరో శ్రద్ధగా నేర్పిన తప్పే అయి ఉంటుందని ఆయనకి అనుమానం వచ్చింది. ముందు బెంచీలో కూర్చున్న యామినిని లేపి, ఎలా చేశావో చెప్పవే అని అడిగాడు.

"పెద్దదాంట్లోంచి చిన్నది తీసీమన్నారు కదండి. ఏడు పెద్దది, రెండు చిన్నది. తీసీసేను" అంది యామిని.

అదీ సంగతి. కింది తరగతుల్లో ఏ పంతులో పాపం, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలర్రా అని చెప్పి ఊరుకున్నాడు. పై అంకె చిన్నదైతే ఏం చెయ్యాలో చెప్పేలోగా పిరియడు అయిపోయిందో, బదిలీయే అయిపోయిందో మనకి తెలీదు. పిల్లలు మాత్రం గురువుగారి మాట జవదాటలేదు. పెద్దది పైనున్నా కిందున్నా దాన్నే పట్టుకుని, చిన్నదాన్ని తీసి పారేస్తున్నారు. పక్కనున్న పదుల ఇంటికి వెళ్లి ఒక పది అడిగి తెచ్చుకోవచ్చన్న విషయం వాళ్లకి ఎవరూ చెప్పలేదు. అది చెప్పడానికి కాస్త సుద్ద, కాస్త ఓపిక ఉంటే చాలుననుకున్నాడు మేష్టారు. రెండూ ఆయన దగ్గర ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే మొదలుపెడదామని సుద్దముక్క కూడా తీసి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న సర్క్యులర్ వచ్చింది.

దాని సారాంశం ఏమిటంటే, పిల్లలకి ఏమి రాదో తెలుసుకోకుండా పాఠం చెప్పడం అశాస్త్రీయం. కనుక ముందు సమగ్ర గణిత లోప నిర్ధారణ పథకం కింద పిల్లలందరినీ పరీక్షించి, లోపం ఎక్కడుందో పట్టుకుని, ఆపైన ఆ లోపానికి తగ్గ బోధన చేపట్టాలి. చదవగానే వరహాలు మేష్టారికి ముచ్చటేసింది. తను చేసింది సరిగ్గా అదే కదా అనుకున్నాడు. అలా అనుకోవడమే ఆయన చేసిన మొదటి పొరపాటు.

మండల కేంద్రంలో శిక్షణ ఇచ్చారు. శిక్షణ ఇచ్చినవారు జిల్లా నిర్ధారణాధికారి డాక్టర్ శశిభూషణరావు గారు. ఆయన లెక్కల్లో డాక్టరు కారు, ఒంటికి సంబంధించిన డాక్టరు అంతకన్నా కారు. పరీక్షలను ఎలా పరీక్షించాలి అన్న విషయం మీద పట్టా పుచ్చుకున్నారు. బోధనకు ముందు నిర్ధారణ, నిర్ధారణకు ముందు సంసిద్ధత, సంసిద్ధతకు ముందు దృక్పథం అవసరమని, ఈ మూడింటి సమాహారమే నేటి విద్య అని ఆయన మధ్యాహ్నం దాకా చెప్పారు. ఆ సమాహారంలో పాఠం ఎక్కడా తగలకపోయేసరికి వరహాలు మేష్టారు లేచి నిలబడ్డాడు. మా పిల్లలకి ఏం రాదో నాకు తెలిసిందండీ, పది తెచ్చుకోవడం రాదు, రేపట్నుంచి చెప్పేస్తాను అన్నాడు.

శశిభూషణరావు గారు జాలిగా నవ్వారు. "మీకు తెలియడం వేరు, నిర్ధారణ కావడం వేరు మేష్టారూ. నిర్ధారణ కాలంలో బోధన నిషిద్ధం. మందు వేస్తే జ్వరం తగ్గుతుంది. తగ్గిపోతే, అసలు ఎంత జ్వరం ఉండేదో మనకు ఎలా తెలుస్తుంది?"

హాలంతా చప్పట్లు కొట్టింది. టిఫిను కూడా బాగుండడంతో ఎవరూ ఎదురు చెప్పలేదు.

మొదటి పరీక్ష ట్యాబుల్లో పెట్టారు. ఆ ఊళ్లో సిగ్నల్ నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే దొరుకుతుంది కాబట్టి, ఏడో తరగతి మొత్తం ట్యాంకు చుట్టూ నిలబడి లోపం నిర్ధారణ చేయించుకుంది. వానాకాలం మధ్యలో ఫలితం వచ్చింది. 'ఈ పాఠశాల విద్యార్థులకు వ్యవకలనమునందు లోపము గలదు' అని అందులో ఉంది. తీసివేతలు రావని దానర్థం. వరహాలు మేష్టారు తృప్తిగా తలూపి సుద్దముక్క అందుకున్నాడు. హెడ్మిస్ట్రెస్ సత్యవేణి గారు గుమ్మంలోంచే చెయ్యి అడ్డుపెట్టారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. రిటైరయ్యే ముందు ఒక్క మెమో కూడా పడకుండా గట్టెక్కాలని మొక్కుకున్న మనిషి. లోపం ఉందని మాత్రమే తేలింది, అది ఎందువల్ల ఉందో తేలాలి కదా మేష్టారూ అని ఆవిడ బతిమాలారు.

రెండో పరీక్ష అందుకోసం పెట్టారు. అందులో లెక్కలు లేవు. 'తీసివేతను చూసినప్పుడు నీకు కలుగు భావము ఏది' అని ప్రశ్న. ఆనందము, విచారము, భయము, ఆకలి అని నాలుగు జవాబులు. మధ్యాహ్న భోజనానికి గంట కొట్టే ముందు పెట్టారు కాబట్టి తరగతంతా ఆకలి అని నొక్కింది. జిల్లా కార్యాలయంలో కలకలం రేగింది. వ్యవకలనానికీ ఆకలికీ గల సంబంధాన్ని పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం వచ్చి, భోజనాలయ్యాక అదే ప్రశ్న మళ్లీ వేసింది. పిల్లలు, ఇందులో నిద్ర లేదేటండి అని అడిగారు.

లెక్కల పిరియడు చాలక తెలుగు పిరియడు, అది చాలక ఆటల పిరియడు కూడా నిర్ధారణకి ఇచ్చేశారు. పిల్లలు దీన్ని లోపం పరీక్ష అనడం మొదలుపెట్టారు. పొద్దున్న బడికి వస్తూనే, ఇవాళ లోపం ఉందా లేదా అని అడిగి, ఉందంటే నీళ్ల ట్యాంకు వైపు, లేదంటే తరగతి వైపు నడిచేవారు. ఈలోగా శాస్త్రీయంగా ఉంటుందని ఒక్కొక్కరికి ఒక్కొక్క స్థాయి ఇచ్చి, రంగు కార్డులు ముద్రించి ఇళ్లకి పంపారు. తీసివేతలు రాని వాళ్లందరికీ ఎర్ర కార్డు వచ్చింది. యామినిది ఎర్రది.

ఆ కార్డు పట్టుకుని యామిని తల్లి పరదేశమ్మ బడికి వచ్చింది. ఆవిడ జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పనిచేస్తుంది. పిక్కల నూనెకి వేళ్లు నల్లబడి ఉన్నాయి. కొంగు చివర కార్డు మూట కట్టుకుని వచ్చి, వరహాలు మేష్టారి ముందు విప్పింది.

"మా పిల్లకి నెక్కలు రావని మీ కార్డే సెప్తంది కద బాబూ. రాని సదువుకి ఇక్కడ కూకోబెట్టడం ఎందుకు? మా షెడ్డులో సిన్నపిల్లల్ని కూడా తీసుకుంతన్నారు. దసరా సెలవులయ్యేక నాతో తీసికెల్లిపోతాను."

మేష్టారి గుండె గతుక్కుమంది. ఆ పిల్లకి రానిది ఒక్కటే ఒక్క విషయం. అది చెప్పడానికి ఒక పూట పడుతుంది. ఆ ఒక్క పూట దొరక్క పిల్ల పిక్కల షెడ్డుకి వెళ్లిపోబోతోంది. మేష్టారు తల్లిని పక్కకి పిలిచి, మరొక్క పరీక్ష ఆగమ్మా, మూడో పరీక్షలో కార్డు రంగు మారుతుంది, నాదీ పూచీ, మారకపోతే నీ ఇష్టం అన్నాడు. పరదేశమ్మ కార్డు మళ్లీ కొంగున కట్టుకుని, సరే బాబూ, మీ మాట మీద ఉంచుతున్నానని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం వరహాలు మేష్టారు తలుపు దగ్గరగా వేసి, జిల్లా ఉత్తర్వులకు విరుద్ధంగా, తీసివేతలు చెప్పాడు.

చెప్పడమంటే మామూలుగా కాదు. అటు వరండా, ఇటు కిటికీ కనిపెట్టడానికి పిల్లలు వంతులు వేసుకున్నారు. ఇదివరకు మేష్టారు లేనప్పుడు గోల చేసి, హెడ్మిస్ట్రెస్ గారు వస్తున్నారంటే కిక్కురుమనకుండా కూర్చునే తరగతి అది. ఇప్పుడు కిక్కురుమనకుండా లెక్కలు చేసుకుంటూ, ఆవిడ వస్తున్నారంటే గోల చేస్తోంది. వరహాలు మేష్టారు గబగబా బోర్డు తుడిచి, కుర్చీలో వెనక్కి వాలి ఆవులించేవాడు. సత్యవేణి గారు తొంగిచూసి, పిల్లలు ఒకళ్ల జుట్టు ఒకళ్లు పట్టుకోవడం, మేష్టారు ఆవులించడం చూసి, బోధన ఏమీ జరగడం లేదని స్థిమితపడి వెళ్లిపోయేవారు.

దొంగతనంగా చేసే పని మీద పిల్లలకి ఉండే శ్రద్ధ ఇంతా అంతా కాదు. చెప్పకూడదని పైవాళ్లు అంత గట్టిగా అంటున్నారంటే ఇందులో ఏదో గొప్ప రహస్యమే ఉందని వాళ్లు నమ్మారు. పదుల ఇంట్లోంచి పది తెచ్చుకోవడం యామినికి మొదటిరోజే పట్టుబడింది. రెండోరోజు ఆ పిల్ల, పదుల ఇంట్లో సున్నా ఉంటే ఏటి చెయ్యాలండి అని తనే అడిగింది. అయితే ఆ వెనకింటికి వెళ్లి అడగాలన్నాడు మేష్టారు. ఆయనకి ఆ రోజు ఎంత సంతోషమేసిందంటే, సాయంత్రం బస్సు వచ్చి వెళ్లిపోయినా చూసుకోలేదు.

మూడో పరీక్ష అయింది. ఫలితాల కోసం మేష్టారు ఎదురుచూస్తున్నాడు, పరదేశమ్మ ఎదురుచూస్తోంది. ఫలితం రాలేదు. శశిభూషణరావు గారు వచ్చారు. ఆయన వెనక చుట్టచుట్టిన కాగితం పట్టుకుని ఇద్దరు ఉద్యోగులు దిగారు. కాగితం విప్పితే అందులో బడి బడికీ వచ్చిన మార్కులతో గీసిన జిల్లా గీత ఉంది. ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు కాబట్టి గీత నేలబారుగా, చాలా అందంగా సాగింది. ఒక్క తాబేలువలస దగ్గర మాత్రం లేచి నిలబడింది.

"ఇది చాలా తీవ్రమైన విషయం" అన్నారు శశిభూషణరావు గారు. "ఈ పాఠశాలలో అనధికార అభ్యసనం జరిగింది."

సత్యవేణి గారు కుర్చీలో కూలబడ్డారు. నేను రోజూ చూస్తూనే ఉన్నానండీ, పిల్లలు బుద్ధిగా అల్లరి చేసుకుంటున్నారండీ అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. విచారణ మొదలైంది. అందరికన్నా ఎక్కువ పైకి లేచింది యామిని కాబట్టి ఆ పిల్లని పిలిపించారు. నీకు ఇది ఎవరు నేర్పారని అధికారి అడిగారు. యామిని వరహాలు మేష్టారి వైపు చూడకుండా, ఎవలూ నేర్పలేదండి, వొచ్చీసింది అంది. ఎప్పటి నుంచి వస్తోంది, రాత్రిళ్లు ఎక్కువవుతోందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని ఆయన అడిగి అన్నీ రాసుకున్నారు.

ఆ పక్కనే నిలబడ్డ వరహాలు మేష్టారు నోరు విప్పలేదు. విప్పితే ఇంక్రిమెంటు పోతుంది, కొండ మీది ఊరికి బదిలీ అవుతుంది. పన్నెండేళ్ల పిల్ల తనని కాపాడుతుంటే తను కిందకి చూస్తూ నిలబడ్డాడు. అది తలుచుకుంటే తర్వాత చాలా రోజులు అన్నం సహించలేదు.

చివరికి నిర్ణయం వెలువడింది. మూడో పరీక్ష రద్దు. పిల్లల కార్డులు ఇవ్వబడవు. కలుషితమైన తరగతిని యథాపూర్వ స్థితికి పునరుద్ధరించి, నాలుగో పరీక్ష పెట్టాలి. పునరుద్ధరించడమంటే ఏమిటండీ అని సత్యవేణి గారు భయంభయంగా అడిగారు. నేర్చుకున్నది మరిపించడం అన్నారు శశిభూషణరావు గారు. ఆ బాధ్యత లెక్కల ఉపాధ్యాయుడిది. ఇందుకు మాత్రం లెక్కల పిరియడు పూర్తిగా వాడుకోవచ్చు.

అలా వరహాలు మేష్టారికి ఆ సంవత్సరంలో మొట్టమొదటిసారి, అధికారికంగా, తలుపు బార్లా తెరుచుకుని పాఠం చెప్పుకునే అవకాశం వచ్చింది. బోర్డు మీద 'నేటి పాఠం: తీసివేతలు మరిచిపోవుట' అని రాశాడు.

మరిచిపోవడం అనుకున్నంత తేలిక కాదని మొదటిరోజే తేలింది. ఏ తప్పు పడితే ఆ తప్పు రాస్తే కుదరదు. మొదటి పరీక్షలో వచ్చిన తప్పే, అంకె కూడా తేడా రాకుండా రావాలి. లేకపోతే గీత కలవదు. కనుక పిల్లలు ముందు సరైన జవాబు కట్టి, ఎక్కడ పది తెచ్చుకున్నారో గుర్తుపెట్టుకుని, అక్కడ తెచ్చుకోకుండా ఉంటే ఏం వచ్చేదో మళ్లీ కట్టవలసి వచ్చింది. ఒక్క లెక్కకి రెండుసార్లు పని. ఇదివరకు తీసివేత అంటే ఆకలేసిన పిల్లలు కూడా ఇప్పుడు మూడంకెలూ నాలుగంకెలూ వేసుకుని, రైటు ఇది, లోపం ఇది అని పందేలు కడుతున్నారు. సత్యవేణి గారు రోజూ వచ్చి, ఎంతవరకు మరిచిపోయారు మేష్టారూ అని అడిగేవారు. బాగా మరిచిపోతున్నారండీ, రేపటికి వేల లెక్కలు కూడా మరిచిపోతారు అనేవాడాయన.

నాలుగో పరీక్ష దివ్యంగా జరిగింది. తాబేలువలస గీత వంగి, జిల్లా గీతలో ఎక్కడా అతుకు కనిపించకుండా కలిసిపోయింది. శశిభూషణరావు గారి ఆనందానికి అవధుల్లేవు. బడి ఆవరణలో షామియానా వేయించి, తల్లిదండ్రులను పిలిపించి, సభ పెట్టారు. పిల్లల లోపాలను చెక్కుచెదరకుండా కాపాడిన ఆదర్శ ఉపాధ్యాయుడని వరహాలు మేష్టారికి శాలువా కప్పారు. ఆ వేదిక మీదే కొత్త కార్డులు పంచారు.

పరదేశమ్మ తన కార్డు అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, వేదిక దగ్గరికి నడిచి వచ్చింది. ఆవిడ గొంతులో కోపం లేదు. అది ఉన్నా మేష్టారికి ఇంత ఇబ్బందిగా ఉండేది కాదు.

"రంగు మారతాదన్నారు. మీ మాట మీదే దసరా ఎల్లిపోయినా ఉంచేను. మళ్లీ ఎర్రదే ఇచ్చేరు. ఇంక సాలు బాబూ, పిల్లని తీసికెల్లిపోతాను."

శశిభూషణరావు గారు మైకు అందుకుని, అమ్మా, చింతించవద్దు, మీ బిడ్డ ఎర్ర కార్డు ఈరోజు జిల్లాకే గర్వకారణం అని ఓదార్చారు. పరదేశమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. యామిని చెయ్యి పట్టుకుంది. పిల్ల మేష్టారి వైపు చూసింది, ఆ రోజు విచారణలో చూడకుండా దాచుకున్న చూపంతా ఇప్పుడు చూసింది. ఆయనకి ఒంటి మీద శాలువా బరువెక్కింది. సిగ్గేసింది. దాన్ని తీసి కుర్చీ మీద పడేసి లేచాడు.

"ఆగు పరదేశమ్మా. నీ పిల్లకి లెక్కలు వచ్చు. నేనే చెప్పాను. మెమో ఇస్తారని భయపడి ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను."

"మేష్టారూ, మైకు ఆన్లో ఉంది" అన్నారు శశిభూషణరావు గారు, పళ్ల మధ్య నుంచి.

ఉండనివ్వండి అన్నాడు మేష్టారు. వేదిక వెనక స్వాగతం రాసిన బోర్డు ఉంది. స్వాగతం తుడిచేసి, నాలుగువందల మూడులోంచి నూటడెబ్భై ఎనిమిది తియ్యమని రాసి, యామినిని పిలిచి సుద్దముక్క ఇచ్చాడు. యామిని బోర్డు దాకా వెళ్లి ఆగింది. అధికారి వైపు చూసి, మేష్టారి వైపు చూసి, మెల్లిగా అడిగింది.

"ఏది రాయమంటారండి?"

తరగతిలో నవ్వుకుంటూ చేసిన పని ఇప్పుడు మేష్టారి ఎదురుగా నిలబడి ఇలా అడుగుతోంది. రెండూ రాయమ్మా అన్నాడు.

యామిని సున్నా ఉన్న ఇల్లు దాటి వెనకింటికి వెళ్లి అడిగి తెచ్చుకుని, రెండువందల ఇరవై అయిదు అని ఒక పక్క రాసింది. మూడువందల డెబ్భై అయిదు అని రెండో పక్క రాసింది. తల్లి దగ్గరికి వచ్చి ఒక్కొక్కటే వేలితో చూపించింది.

"ఇది నిజందమ్మా. అది పరీక్షలో రాయమన్నది."

పరదేశమ్మ ఆ రెండు అంకెల వంకా చూసింది. కూతురి వంక చూసింది. అధికారి ముందుకు వెళ్లి కార్డు ఆయన చేతిలో పెట్టింది.

"తప్పు రాయడానికి కూడా రైటు తెలియాల్సొచ్చింది మా పిల్లకి. ఇది మీరే ఉంచుకోండి బాబూ" అంది. షెడ్డుకి వేళైపోతోందని, యామినిని అక్కడే వదిలి గబగబా వెళ్లిపోయింది.

నెలాఖరుకి వరహాలు మేష్టారికి మెమో వచ్చింది. నిర్ధారణ కాలంలో బోధనకు పాల్పడినట్లు తమరిపై ఆరోపణ రుజువైనదని, అయితే తమరి సుదీర్ఘ సర్వీసులో ఇటువంటి ఆరోపణ రావడం ఇదే మొదటిసారి గనుక హెచ్చరికతో సరిపెట్టడమైనదని అందులో ఉంది.

సత్యవేణి గారు దాన్ని అందించారు. మేష్టారు సంతకం పెట్టి తీసుకుని, ఏడో తరగతిలోకి వెళ్లి, ఇవాళ భాగహారం అన్నాడు. పిల్లలు అలవాటుగా అడిగారు, మరిచిపోవడానికా అండి, నేర్చుకోవడానికా అని.